హిస్టరీ మేడమ్ నిలబెట్టిన జెరూసలేం

హిస్టరీ మేడమ్ పోయారు. పోయిన గురువారం ఉదయం ఆవిడ అల్లుడు ఫోన్ చేశాడు. "మీరెవరో నాకు తెల్వది మేడమ్. అత్తమ్మ ఫోన్ల 'ఇంగ్లిష్ చెల్లె' అని ఉన్నది. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నకాడనే ఒరిగింది," అన్నాడు. నేను ఎవరో చెప్పి, బయలుదేరుతున్నానన్నాను.

ఆవిడ మీకు తెలిసే అవకాశం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షలకు తయారుచేసే ఒక కోచింగ్ సెంటర్‌లో ఆవిడ చరిత్ర చెప్పేవారు, నేను ఇంగ్లిష్. ఆవిడది బాలాపూర్ దాటాక ఒక ఊరు, ఇల్లు కర్మన్‌ఘాట్‌లో. నేను తెనాలి నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో స్థిరపడ్డదాన్ని. పాఠం అయ్యాక ఆవిడ సుద్ద అంటిన చేతులు రెండుసార్లు కడుక్కునేవారు. ఏ రాజునూ గొప్పవాడని అనేవారు కాదు. "గెల్చిన సంవత్సరం అందరు రాస్తరు. గెల్చినంక పదేండ్లకు ఆ ఊరు ఎట్లున్నదో రాయుండ్రి," అని పిల్లల జవాబు పత్రాలు వెనక్కిచ్చేవారు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో సెంటర్ సగం రోజులు మూతపడి ఉండేది. ఒక బంద్ నాడు, సంగతి తెలియక వచ్చేసిన నలుగురం స్టాఫ్ రూములో కూర్చున్నాం. ప్రశ్నపత్రాలు టైపు చేసే కంప్యూటర్‌లో మా ఆపరేటర్ ఏదో ఆట ఆడుతున్నాడు. తెర మీద పాతకాలపు యూరప్ పటం, దాని మీద చిన్నచిన్న కోటలు, జెండాలు. మేడమ్ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికెళ్లారు.

"ఏందిది?"

"ఆట మేడమ్. మనమే రాజులం. క్రూసేడ్‌లకు కూడా పోవచ్చు."

"క్రూసేడా? ఇరవై ఏండ్ల సంది చెప్తున్న, ఒక్కనాడు చెయ్యలే. జర జరుగు."

అలా మొదలైంది. ఒకే కంప్యూటర్ మీద ఇద్దరు వంతులవారీగా ఆడుకునే వీలుంది. నేను ఫ్రాన్స్ తీసుకున్నాను, ఆవిడ సిసిలీ. పోప్ జెరూసలేం మీదికి క్రూసేడ్, అంటే మతయుద్ధం, ప్రకటించగానే ఇద్దరం సైన్యాలు కట్టాం. దారిలో నేను రెండు వంతుల పాటు సైన్యాన్ని ఒకచోట ఆపాను. సైనికులు ఒక్కొక్కరే వెళ్లిపోవడం మొదలుపెట్టారు. "ఆగితే కరిగిపోతది చెల్లె. నడుస్తున్నంతసేపే అది దండు," అన్నారావిడ. మళ్లీ నడిపించాను. చివరికి జెరూసలేం గోడలు ముందు దాటింది నా సైన్యమే.

ఊరు చేతికొస్తే ఆ ఆట మూడు దారులు చూపిస్తుంది. జనాన్ని వదిలెయ్యడం, దోచుకోవడం, చంపడం. నేను దోచుకోవడం నొక్కాను.

"గిప్పుడు దోచుకుంటివి. రేపు వాళ్ల నడుమనే ఉండాలె గద?" అన్నారు మేడమ్.

ఆవిడ చెప్పినట్టే అయింది. మతం వేరు, రాజధాని దూరం. వంతు వంతుకూ అల్లర్లు. నేను కావలి సైన్యం పెంచుతూ పోయాను. పక్కనే ఏకర్ అనే రేవు పట్నాన్ని పట్టుకున్న మేడమ్ మాత్రం పన్ను తగ్గించారు, రోడ్లు వేయించారు, మతగురువులను పంపించారు. రెండే దళాలతో ఊరు నిమ్మళంగా ఉంది. "నువ్వు కావలి పెడ్తున్నవ్, నేను పని పెడ్తున్న," అనేవారు. అది నాకు నచ్చేది కాదు.

ఆ చలికాలమే తెలంగాణ రాష్ట్రం ఇస్తామని ఢిల్లీలో ప్రకటించారు. కొద్దిరోజులకే ఆ మాట వెనక్కిపోయింది. స్టాఫ్ రూములో టీ తాగే బల్లలు రెండయ్యాయి. ఒక మధ్యాహ్నం మేడమ్ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. రాష్ట్రం ఇవ్వాలని లెక్చరర్లు రాసుకున్న తీర్మానం.

"సంతకం పెట్టు చెల్లె. నీ మీద కోపంతోని రాసింది కాదు గిది."

"నేను పెట్టలేను మేడమ్," అన్నాను. అక్కడితో ఆగాల్సింది. "అసలు మేం రాకముందు ఇక్కడేముందండీ? ఈ దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కట్టింది మేమే కదా," అనేశాను.

ఆవిడ కాగితం మడిచారు. గొంతు పెంచలేదు.

"ఎల్బీనగర్ కాలనీల పునాదులకు మట్టి మోసింది మా అమ్మ. నువ్వన్న 'మేమే'ల ఆమె ఉన్నదా, లేదా?"

ఆ తరవాత నాలుగు నెలలు ఆవిడ నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఆట మాత్రం ఆగలేదు. ఎందుకాగలేదో ఇప్పటికీ చెప్పలేను. తన ఖాళీ పీరియడ్‌లో ఆవిడ వచ్చి ఒక వంతు ఆడి లేచి వెళ్లేవారు. నా ఖాళీ పీరియడ్‌లో నేను కూర్చునేదాన్ని. ఆవిడ ఆడారా లేదా అన్నది జెండాలు చూస్తే తెలిసేది.

ఒకరోజు జెరూసలేం తిరగబడింది. నా సైన్యాన్ని బయటికి తరిమేసి, ఊళ్లో తిరుగుబాటుదారుల జెండా ఎగరేశారు. మూడు వంతుల తరవాత చూస్తే అక్కడ సిసిలీ జెండా ఉంది. మేడమ్ పట్టుకున్నారు. ఆట అని తెలిసీ, ఆ సాయంత్రం ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను.

నెల రోజుల పాటు ఆ ఊరినే చూస్తూ వచ్చాను. ఆవిడ జనాన్ని ముట్టుకోలేదు. నేను పాడుచేసినవన్నీ వరసగా బాగుచేయించారు. అల్లర్లు తగ్గి, ఊరు కుదుటపడింది. ఆ తరవాత ఒకరోజు నా వంతు తెరవగానే సిసిలీ రాయబారి వచ్చి ఉన్నాడు. జెరూసలేం మీకు ఇస్తున్నాం, బదులేమీ వద్దు. నేను కాదని నొక్కాను. నాలుగు రోజులకు మళ్లీ అదే రాయబారి, అదే మాట. మళ్లీ కాదన్నాను.

మూడోసారి మాట మారింది. జెరూసలేం ఇస్తాం, బదులుగా ఉత్తరాన మీ పల్లె ఒకటి ఇవ్వండి. చలికి వణికే ఆ పల్లెతో ఎవరికీ పనిలేదు. ఆవిడ రాజ్యానికి అది ఆ చివరెక్కడో ఉంది. చాలాసేపు చూసి, సరేనన్నాను.

ఆ మధ్యాహ్నం జవాబు పత్రాలు దిద్దుతూ, తలెత్తకుండానే అన్నారు మేడమ్. "ఊరికెనే ఇస్తే తీస్కోవని సమజైంది."

నాలుగు నెలల్లో మొదటి మాట.

"ఎందుకిచ్చారు మేడమ్?"

"ఎదురుంగ ఆడేటోళ్లు లేకుంటే ఆటేముంటది?"

"ఆ రోజు నేనన్నది తప్పండీ."

"తప్పే," అన్నారావిడ. కలం మూసి, "చాయ్ తాగొద్దాం నడువ్," అన్నారు.

మా అభిప్రాయాలేమీ మారలేదు. నేను సంతకం పెట్టలేదు, ఆవిడ మళ్లీ అడగలేదు. ఎల్బీనగర్‌లో రోడ్డు మీదే వండుకు తిని నిరసన తెలిపిన రోజు ఆవిడ అక్కడే గరిటె తిప్పారు. మర్నాడు నాకో డబ్బా తెచ్చి, "నిన్నటి పులిహోర. ఉద్యమం అంటుకోదు, తిను," అన్నారు. తిన్నాను. ఉప్పు ఎక్కువైందని కూడా చెప్పాను.

రాష్ట్రం వచ్చాక, మేం విజయవాడలో ఇల్లు చూస్తున్నామని ఎవరో చెప్పినట్టున్నారు. "పోతవా?" అని అడిగారు. ఇంకా తెలీదన్నాను.

"పోవాలనిపిస్తే పో. ఎల్లగొడ్తరేమోనని మాత్రం పోకు."

మేం పోలేదు. ఆ ఒక్క మాట వల్లేనని చెబితే అబద్ధమవుతుంది. అదీ ఒక కారణం.

తరవాత సెంటర్ మూతపడింది, ఆ కంప్యూటర్ ఏమైందో తెలీదు. పండగలకు ఫోన్లు మిగిలాయి. ఆవిడ మొదటి నుంచీ నన్ను చెల్లె అన్నారు. నేను చివరిదాకా మేడమ్ అనే పిలిచాను. అక్కా అనడానికి అడ్డేమీ లేదు, అనలేదంతే.

గురువారం కర్మన్‌ఘాట్ నుంచి తిరిగొస్తూ, దారి కాకపోయినా దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. అక్కడ రోడ్డు దాటడమంటే నాకు మొదటి నుంచీ భయం. ఆ రోజుల్లో క్లాసులయ్యాక ఇద్దరం కలిసే దాటేవాళ్లం. మేడమ్ ఒక అరచెయ్యి బస్సులకు ఎదురుగా ఎత్తి, వాటి వైపు చూడకుండా నడిచేవారు. బస్సులు ఆగేవి. రెండో చెయ్యి వెనక్కి చాచి, నా వేళ్లు తగిలేదాకా గాలిలో వెతికేవారు.