సెలవు అడిగిన మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నా ఎడమచేతి మీద మూడు దోసె ప్లేట్లు ఉన్నాయి. జేబులో ఫోను మోగుతూనే ఉంది. ప్లేట్లు బల్ల మీద పెట్టి, చట్నీ వేసి, గ్లాసుల్లో నీళ్ళు నింపి, అప్పుడు చేతులు కడుక్కునే చోటికి పోయి చూసుకున్నాను. ఎమ్మిగనూరు నుంచి పెద్దమ్మ కూతురు.

"అన్నా, అమ్మ లేదన్నా" అంది. 

జ్వరమని వారం నుంచి తెలుసు. పోయి చూసి వద్దామని వారం నుంచి అనుకుంటూనే ఉన్నాను. ఆదోనిలో బస్సెక్కితే గంట లోపల ఎమ్మిగనూరు. అయినా పోలేదు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. తుగ్గలి దగ్గరి పల్లెలో పుట్టి, అక్కడే కూలికి పోయి, భర్త చనిపోయాక కూతుర్ని చంకనేసుకుని ఆదోనికి వచ్చి ఒక టిఫిన్ హోటల్లో పనికి కుదిరింది. నేను డిగ్రీ తప్పి ఊరికే తిరుగుతుంటే ఓనరును బతిమాలి, అదే హోటల్లో నన్ను సప్లయరుగా పెట్టించింది కూడా ఆమే. ఆ హోటలు పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ఆమె పని చట్నీలు రుబ్బడం, ఉగ్గానికి బొరుగులు పిండడం. ఉగ్గాని తెలియనివాళ్ళకు ఒక మాట. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్ళలో తడిపి, రెండు చేతులతో పిండి, పోపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లుతారు. తక్కువ పిండితే ముద్దవుతుంది. ఎక్కువ పిండితే పిప్పి. పెద్దమ్మ పిండితే ఏ గింజకాగింజ నిలబడేది. మంత్రాలయం పోయే కన్నడ జనం కూడా మా హోటల్ దగ్గర బండి ఆపి "ఉగ్గాని ఇదెయా?" అని అడిగేవాళ్ళు.

శనివారం శనివారం బ్లేడుతో గోళ్ళు తీసుకునేది. వంటింట్లో పిండేసిన నిమ్మచెక్కలు పారేయనిచ్చేది కాదు. వాటితో వేళ్ళ సందులు రుద్దుకునేది. కొత్తలో నేను నాలుగు గ్లాసుల్లో నాలుగు వేళ్ళు ముంచి పట్టుకుని పోతుంటే చూసింది. ఆ నాలుగు గ్లాసులూ వెనక్కి తెప్పించి, "నీ యేళ్ళు కడిగిన నీళ్ళు వాళ్ళకేంటికి? నువ్వే తాగు" అంది. తాగేదాకా ఊరుకోలేదు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"తినేటోళ్ళు మన మొగం సూడరప్పా. సేసినోళ్ళు ఎవరో కూడా వాళ్ళకు తెల్దు. అయినా నమ్మి నోట్లో పెట్టుకుంటారు సూడు" అని ఆ రోజు చెప్పింది. తర్వాత కూడా చాలాసార్లు చెప్పింది. హోటలు పనిని గురించి అంతకన్నా పెద్ద మాట నేను ఎవరి నోటా వినలేదు.

కొన్నేళ్ళ కిందట, దసరా. దేవరగట్టు కర్రల సమరానికి పోయే జనంతో ఆదోని బస్టాండు నిండిపోయింది. పొద్దున్నే ఓనరు దేవుడి పటానికి పూలు పెడుతుంటే ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకరు నొక్కమని నాతో అన్నాడు. నొక్కాను.

"అన్నా, నిన్నట్నుంచి వాంతులు, విరేచనాలు. నిలబడ్నీకి కాదు. రెండు దినాలు సెలవియ్యన్నా" అంది పెద్దమ్మ. ఆ గొంతు నేను గుర్తుపట్టలేకపోయాను.

"ఈ పొద్దా సెలవు? జనం సూసినావా ఎట్లుండారో. నీ బదులు మనిషిని పెట్టి పండుకో."

"ఇప్పటికిప్పుడు మనిషిని యాడ తేవాలన్నా?"

"నన్నడిగితే? రేపట్నుంచి ఆ మనిషే వస్తాదిలే, నువ్వు నిమ్మలంగా ఉండు" అని పెట్టేశాడు. రెండు నిమిషాలాగి, కొంచెం మెత్తబడి, "పోరా, బండి మీద పిల్చుకరాపో. దోవలో మాత్రలు కొనియ్యి" అని నన్నే పంపాడు.

మాత్రలు కొన్నది నేను. బండి మీద ఎక్కించుకున్నది నేను. దోవలో రెండుసార్లు ఆపమంది. ఆపాను. హోటలు వెనక దిగి గోడ పట్టుకుని, "అప్పా, నన్ను బొరుగుల కాడ పెట్టద్దని సెప్పు. టేబుళ్ళు తుడుస్తా, ఊడ్సమంటే ఊడుస్తా. తినే వస్తువు ముట్టుకోను. నువ్వు సెప్పుపో" అంది.

నేను గల్లా దగ్గరికి పోయాను. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఓనరు తల ఎత్తి, "ఏంరా?" అన్నాడు.

"ఏం లేదన్నా. మూడో టేబులుకు కాఫీ" అన్నాను.

ఆమె బొరుగులు పిండింది. మధ్యమధ్యలో వెనక్కి పోయి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవడం చూశాను. సబ్బుతో పోయేదైతే బాగుండేది.

మరుసటి రోజు సాయంత్రానికి ఆస్పత్రిలో మంచాలు చాలలేదు. పత్తి మార్కెట్టు హమాలీలు, దేవరగట్టుకు పోతూ మా దగ్గర తిన్నవాళ్ళు, పిల్లలు. చాలామంది రెండు మూడు రోజుల్లో లేచి ఇళ్ళకు పోయారు. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒక ముసలామె మాత్రం లేవలేదు.

అధికారులు వచ్చారు. నీళ్ళూ చట్నీలూ సీసాల్లో పట్టుకున్నారు. పనివాళ్ళందరినీ వంటింట్లో వరసగా నిలబెట్టి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగారు. ఓనరు మాకు ముందే చెప్పి పెట్టాడు. అందరం లేదన్నాం. పెద్దమ్మ వంతు వచ్చింది.

"నాకే సార్. వాంతులు, విరేచనాలు. బొరుగులు పిండింది నేనే" అంది.

ఆ అధికారి రాసేది ఆపి చూశాడు. "అట్లాంటప్పుడు పనికెందుకు వచ్చినావమ్మా?"

"సెలవు అడిగినా సార్. ఇయ్యలేదు."

"అడగలేదు సార్. అడిగింటే నేను ఇయ్యనా?" అన్నాడు ఓనరు.

అధికారి మా అందరి వంకా చూశాడు. వరసలో ముందున్నది నేనే. "నువ్వు చెప్పు. ఆమె సెలవు అడిగిందా?"

నా ఇంట్లో అప్పటికి బిడ్డ పుట్టి నెల. అది ఒక కారణంగా ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. "తెలీదు సార్" అన్నాను. పెద్దమ్మ నా వైపు తల తిప్పలేదు. తిప్పి ఉంటే నేను మాట మార్చుకునేవాడినేమో. అందుకే తిప్పలేదేమో కూడా.

తప్పంతా ఆమె మీదికి పోయింది. రోగమని దాచిపెట్టి పనికొచ్చిన ఆడమనిషి వల్ల ఇదంతా జరిగిందని ఊరంతా చెప్పుకున్నారు. ఆ వరసలో దాచనిది ఆమె ఒక్కతే. కొన్ని వారాల తర్వాత హోటలు కొత్త బోర్డుతో మళ్ళీ తెరిచారు. నన్ను రమ్మన్నారు. పోయాను.

ఆ మధ్యలో ఒకరోజు పెద్దమ్మ నన్ను తోడు రమ్మని, ఆ ముసలామె ఇంటికి ఎమ్మిగనూరు పోయింది. మగ్గాల చప్పుడు వినిపించే సందులో చిన్న ఇల్లు. ఆమె కోడలు తలుపు తీసింది.

"ఆ పొద్దు ఆదోని హోటల్లో ఉగ్గాని పిండింది నేనేమ్మా" అంది పెద్దమ్మ, గడప బయటే నిలబడి.

ఆ కోడలు తలుపు రెక్క వదల్లేదు. "రోగముంటే ఇంట్లో ఉండలేకపోతివా?" అంది.

సెలవు అడిగిన సంగతి చెప్తుందనుకున్నాను. చెప్పలేదు. "ఉండలేకపోతినమ్మా" అంది, అంతే.

కోడలు గడప మీద కూలబడింది. "నేనూ అంతేలే. బట్టల అంగట్లో పని నాది. దసరా గిరాకీ, సెలవు ఇయ్యము అనిరి. మా అత్త ఆస్పత్రిలో ఉంటే రెండు దినాలు ఆడ చీరలు మడతబెడతా ఉంటి. మూడో దినం పోయేతలికి మాట లేదు" అంది.  పెద్దమ్మ ఆమె పక్కన కూర్చోవాలో కూడదో తెలియక అట్లాగే నిలబడింది. బస్సులో తిరిగి వస్తూ, "తిట్టింటే బాగుండునప్పా" అంది. దోవంతా ఆ ఒక్క మాటే.

ఆ తర్వాత ఆదోనిలో ఎవరూ ఆమెను పనిలో పెట్టుకోలేదు. ఎమ్మిగనూరులో కూతురి దగ్గరికి చేరింది. కూతురు బట్టలు కుడుతుంది. పెద్దమ్మ అక్కడ ఒక మెస్సులో కుదిరింది. మూడో నెలలో జలుబూ జ్వరమూ వస్తే, ఈసారి ఎవరినీ అడగకుండా ఇంట్లో ఉండిపోయింది. నాలుగు రోజులకు పోతే ఆమె చోట్లో ఇంకొకామె కూరగాయలు తరుగుతోంది. ఇంకో మెస్సు, తర్వాత ఒక కల్యాణ మండపం. ప్రతిచోటా అంతే. "జ్వరమొస్తే పోను. పని పోతే పోనీ" అనేది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత ఖర్చయిందో కూతురికి తెలుసు.

ఆమె పోయే చర్చిలో, అందరూ కలిసి వండుకుని తినే ప్రేమవిందు రోజు మాత్రం తప్పకుండా ముందే పోయేది. ఒకసారి నేనూ వెళ్ళాను. ఆడవాళ్ళు చాప పరుచుకుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. పెద్దమ్మ పోయి కత్తిపీట ముందర కూర్చుంది. ఒకామె చాలా మర్యాదగా, "నువ్వు పెద్దదానివి, నీకేంటికి శ్రమ, ఆడ కుర్చీలో కూర్చో పెద్దమ్మా" అని కత్తిపీట తన వైపు లాక్కుంది. పెద్దమ్మ లేచి పోయి కుర్చీలో కూర్చుంది. విందు అయ్యేదాకా ఒళ్ళో చేతులు పెట్టుకుని అట్లాగే ఉంది. అందరూ బాగా చూసుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

చివరి వారం సంగతి ఆమె కూతురు చెప్పింది. మనవరాలిని దగ్గరికి రానివ్వలేదట. కంచం, గ్లాసు విడిగా పెట్టుకుని తనే కడుక్కుందట. ఆస్పత్రికి పోదామంటే, "నీకు పెండ్లి బట్టలు ఒప్పుకున్న పనుంది. తగ్గుతాదిలే" అందట. జ్వరం ఊపిరితిత్తులకెక్కింది. కూతురు ఆటో కోసం పరిగెత్తి, ఆటోతో తిరిగి వచ్చేసరికి అయిపోయింది.

సమాధి దగ్గర వాన తుంపర మొదలైంది. ప్రార్థన అయ్యాక పాస్టరయ్య, ఆమెను గురించి ఎవరైనా రెండు మాటలు చెప్తారా అని అడిగాడు. నేను ముందుకు వచ్చాను. ఆదోని నుంచి చెప్పాలనుకుంటూ వచ్చిన మాట ఒకటుంది. అందరూ నా వైపు చూశారు. మా హోటల్లో పనిచేసేవాళ్ళు కూడా ఇద్దరు వచ్చి ఉన్నారు.

"మా పెద్దమ్మ చట్నీ బాగా చేసేది" అన్నాను. వెనక్కి వచ్చి నిలబడ్డాను.

చెప్పాలనుకున్నది ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఆమె సెలవు అడిగింది. నేను నా చెవులతో విన్నాను. ఇది ఇప్పుడు ఎవరికీ పనికిరాదని తెలుసు. పనికొచ్చే రోజున చెప్పలేదు. మా వంటింట్లో ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉంది, ఒంట్లో బాగాలేనివాళ్ళు పనిలోకి రాకూడదని. రాకపోతే ఆ రోజు కూలి ఏమవుతుందో, ఆ పని ఎవరిదవుతుందో అందులో లేదు. దాన్ని నమ్మి ఇంట్లో ఉన్నవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరూ ఇప్పుడు మా దగ్గర లేరు.

పెద్దమ్మను సమాధి చేసి వచ్చిన మూడో రోజు నాకు గొంతు పట్టేసి ఒళ్ళు కాలిపోయింది. ఫోను చేస్తే ఓనరు, "మొన్ననే కదా పోయింటివి. మళ్ళానా?" అన్నాడు. సరే వస్తానన్నాను. మాత్ర వేసుకుని పోయాను. పది గంటలప్పుడు ఒకాయన చిన్న కూతురితో వచ్చి కూర్చున్నాడు. ఇడ్లీ పెట్టి, దగ్గు వస్తే మొహం పక్కకు తిప్పుకుని, చట్నీ వేశాను. ఆయన ఇడ్లీ తుంచి చట్నీలో అద్ది ఊదాడు. ఆ పిల్ల రెండు చేతులూ బల్ల మీద ఆనించుకుని, కళ్ళు మూసుకుని, నోరు తెరిచింది.