గేటు దగ్గర దించని కాలు

నెల్లిమర్ల రైలు గేటు పడింది. ఆగిన బస్సులో ఉక్కపోత. లేస్తున్నాను, కూర్చుంటున్నాను, గేటుని తిట్టుకుంటున్నాను. కిటికీ పక్కనే ఒకమ్మాయి సీటు లేని సైకిలు మీద నిలబడి ఉంది. రెండు బ్రేకులూ బిగించి, చక్రాల మీదే చిన్నగా గెంతుతోంది తప్ప కాలు దించడం లేదు.

"సీటేదమ్మా?" అన్నాను.

"ఉండదు బాబూ. రాళ్ల మీదికి ఎక్కించే పోటీ సైకిలిది. కాలు కింద పెడితే పాయింటు పోతాది. మొన్న పోటీలో ఆఖరి బండ మీద కాలు పెట్టీసినాను."

"ఇక్కడేం పోటీ? దించు."

"గేటు తీసీదాకా దించను, సూడండి."

రైలు ఎంతకీ రాలేదు. ఆమె పిక్కలు వణకడం మొదలైంది. చివరికి రైలు పోయి గేటు లేవగానే బస్సు ముందుకు దూకింది. ఆమె కాలు దించిందో లేదో చూద్దామని తిరిగితే లారీ అడ్డు.

ఇప్పటికీ ఏ గేటు దగ్గర బస్సు ఆగినా నా మడమలు కింద ఆనవు.