ఇనుముకు ఊరు అడిగిన సారు

మంగళవారం. నిన్నటి నుంచి ముసురు. గాలికి స్టోరు కప్పు మీద రేకు జారితే, పొద్దున్నే నిచ్చెన వేసి కట్టుతీగతో బిగించాను. దిగుతుండగా జమ్మికుంట నుంచి ఫోను వచ్చింది. స్టోరు సారు కొడుకు.

"అన్నా, బాపు పోయిండే. చాయ్ తాగుకుంట తాగుకుంట గట్లనే ఒరిగిండు" అన్నాడు. సాయంత్రం నాలుగింటికి పాడె ఎత్తుతారట.

ఈ స్టోరు రిజిస్టరు చదివే మీలో చాలామందికి ఆయన తెలియదు. లక్సెట్టిపేట దగ్గర గోదావరి నీళ్లను ఊళ్లకు తెచ్చే పైపులైను పనిలో ఆయన స్టోర్‌కీపరు. నేను అక్కడ తాళాలు తీసే మనిషిని. బడికి పోని నాకు అక్షరాలు ఆయన పలక మీద నేర్పలేదు. వాల్వుల మీద ఉబ్బెత్తుగా పోతపోసిన పేర్ల మీద నా వేలు పెట్టి దిద్దించారు.

సర్కారు సొమ్ముతో జరిగే పని కనుక, వాల్వులు మన దేశంలో తయారైనవే కావాలని షరతు. కంపెనీ అట్లా రాసిచ్చిన కాగితం మీద, చూసి దించుకున్నామని స్టోరు సంతకం పడాలి. చాలా చోట్ల కాగితం చూసే సంతకం పెడతారు. మా సారు మాత్రం ప్రతి వాల్వు ముందూ గొంతుకూర్చొని, కొత్తగా వచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు "మీది ఏ ఊరే?" అని అడిగేవారు. ఆ తనిఖీకి మా స్టోరులో 'ఊరడుగుడు' అనే పేరు పడింది.

"సారు ఇనుముకు పిల్లనిస్తడేమో, గిన్ని అడుగుతుండు!" అని హమాలీలు నవ్వేవారు.

"పిల్లనిస్తే ఒక్క ఇల్లే మునుగుతదిరా. గిది పలిగితే ఊరంత బిందెలు పట్టుకొని ఉరుకుతది" అనేవారు ఆయన.

మొదటిసారి రిజిస్టరు నా చేతికిచ్చినప్పుడు, సరుకు ఊరు రాయవలసిన గడిలో నేను లారీ బయలుదేరిన ఊరు రాశాను. సారు కోప్పడలేదు. "తమ్మీ, పెండ్లి బస్సు ఏడికెళ్లి వచ్చిందో అడిగితే పిల్ల పుట్టినిల్లు తెలుస్తదా?" అన్నారు. ఆ గడి కొట్టేసి మళ్లీ రాయడం నాకింకా గుర్తుంది.

పోయిన ఎండాకాలం ఒక లారీ వచ్చింది. వాల్వులకు మన దేశం పేరుతో రేకు బిళ్లలు తాపడం చేసి ఉన్నాయి. సారు ఒక బిళ్లను ఊడదీయించారు. కింద ఇనుమును అరగదీసిన మచ్చ కనిపించింది. దాని మీద కాగితం పరచి బొగ్గుముక్కతో రుద్దారు. అరిగీ అరగని అక్షరాలు లేచాయి. అవి నాకు ఆయన నేర్పిన అక్షరాలు కావు.

"కాగితం మంచిగనే ఉన్నది గదా సారు, దస్కత్ పెట్టుండ్రి. మీకెందుకు ఫికర్?" అన్నాడు కాంట్రాక్టరు మేనేజరు.

"కాగితం ఒక ఊరు చెప్తది, ఇనుము ఇంకో ఊరు చెప్తది. నేనెవల్ని నమ్మాలె?"

సంతకం పెట్టలేదు. లారీ తిరిగి వెళ్లింది. ఎక్కడికి వెళ్లిందో ఎవరూ చెప్పలేదు. వారం తిరగకుండానే సారును ఆదిలాబాదు వైపు, పని ఆగిపోయిన ఒక స్టోరుకు పంపారు. అక్కడ దించుకోవడానికి సరుకే రాదు. వెళ్లేరోజు నా భుజం మీద చెయ్యి వేసి, "గీ కుర్చీ నీకే ఇస్తరు తమ్మీ. నీకు సదువొస్తదని కాదు, రాదని ఇస్తరు" అన్నారు. నెలలోపే ఇచ్చారు.

ఆయన పోయిన సంగతి ఇవాళ మేనేజరుకు చెప్పి సెలవు అడిగాను. అతను ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడాడు. "అయ్యో, పాపం. జర ఆగు, లారీ వస్తున్నది. దస్కత్ పెట్టి నా కార్ల పో, నాలుగింటికల్ల అందుతవు." కాగితం అప్పటికే బల్ల మీద ఉంది. పెన్ను మూత కూడా అతనే తీసిపెట్టాడు.

లారీ పన్నెండింటికి వచ్చింది. టార్పాలిన్ కట్టి ఉంది. డ్రైవరు దిగలేదు. వాన పెద్దదైంది. లారీ వెనక డాలా తలుపు సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. నీలంగా కారుతున్నాయి. వాల్వులకు కొత్తగా పూసిన, ఆరని రంగు ఎర్రమట్టిలో పాయలుపాయలుగా సాగి స్టోరు గడప దాకా వచ్చింది.

దించవద్దని హమాలీలకు చెప్పాను. వాళ్లు నవ్వలేదు. మేనేజరు ఫోను చెవికి పెట్టుకొని నావైపే చూస్తున్నాడు. గడియారం ఒంటిగంట దాటింది.

ఇవాళ దించుకున్న సరుకు: లేదు.