గుమ్మంలో వెలుగు

మా లైటింగ్ మాస్టారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున్న తాడేపల్లిగూడెం నుంచి ఆయన భార్య ఫోన్ చేసి, "నిద్రలోనే వెళ్ళిపోయారండీ" అన్నారు. ఫోన్ పెట్టేశాక ముందు ఆలోచించింది ఆయన గురించి కాదు, నా గురించి. ఒక నాటకంలో ఆయన వేసిన వెలుగును నేను పాడుచేశాను. దానికి క్షమాపణ చెప్పడం పదిహేనేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చాను. ఇక ఎవరికి చెప్పను?

మీలో చాలామందికి ఆయనెవరో తెలియదు. బహుమతుల ఫొటోల్లో నిలబడేది మాలాంటి నటులమే కదా. మామూలు రోజుల్లో ఆయన మోటార్లకు వైండింగ్ చేసుకునేవారు. నాటకం ఉందంటే రెండు పెట్టెల్లో లైట్లు సర్దుకుని ఏలూరు బస్సెక్కేవారు. రంగురంగుల లైట్లు అడిగితే చిరాకు. "ఇదేమన్నా పెళ్ళిపందిరా అండీ?" అనేవారు. హాలు తలుపులన్నీ మూయించి, "ముందు చీకటి కుదరనివ్వండమ్మా, వెలుగు ఎక్కడ కావాలో అదే చెబుద్ది" అని ఓ మూల కూర్చునేవారు. మేం దోమలు కొట్టుకుంటూ విసుక్కునేవాళ్ళం.

కొల్లేటి మీదికి పడవలో వెళ్ళి తిరిగిరాని భర్త కోసం ఎదురుచూసే ఇల్లాలి నాటకం వేశాం. ఇల్లాలిని నేనే. దానికోసం మాస్టారు మూడుసార్లు మండవల్లి వెళ్ళి కొల్లేటి గట్ల వెంట తిరిగొచ్చారు. "అక్కడ వెలుగు పైనుంచి రాదండీ, నీళ్ళలోంచి ఇళ్ళ మీద పడుద్ది" అన్నారు. వెడల్పాటి బేసిన్లో నీళ్ళు పోసి, అడుగున అద్దం ముక్కలు పరిచి, ఒక లైటు దానిమీదికి తిప్పారు. వేలితో నీళ్ళు కదిపితే సెట్టులోని గుమ్మంలో వెలుగు వణికింది. అందరం దోమల సంగతి మరిచి చూశాం.

చివరి సీనులో నేను గోడవారన చీకట్లో నిలబడాలి. గుమ్మంలో ఆ వెలుగొక్కటే ఉండాలి. "అక్కడికి మాత్రం రాకండమ్మా. అది ఆయన రావలసిన చోటు. ఖాళీగా ఉంటేనే జనానికి తెలుస్తుంది" అని చిలక్కి చెప్పినట్టు చెప్పారు.

నటులకో జబ్బుంది. లైటు ఎక్కడుంటే కాళ్ళు అక్కడికే పోతాయి. నాటక పోటీ రోజున నావీ పోయాయి. గుమ్మంలో నిలబడి భోరున ఏడ్చాను. నా నీడ పడి ఆ నీళ్ళ వెలుగు ముక్కలైపోయింది. చప్పట్లు మోగాయి. ఉత్తమ నటి బహుమతి నాకే వచ్చింది. మాస్టారు వైర్లు చుట్టుకుంటూ, "బాగా చేశారమ్మా" అన్నారు, అంతే. ఆ తర్వాత ప్రతి నాటకంలోనూ నా మొహం మీద నిండుగా లైటు వేశారు. మళ్ళీ ఎప్పుడూ నన్ను చీకట్లో నిలబడమనలేదు. అది కోపమో, నా మీద ఆశ వదులుకోవడమో అడిగే ధైర్యం లేకపోయింది.

నాలుగేళ్ళ క్రితం మావారు పోయారు. సాయంత్రం ఆరింటికి మా ఇంటి గుమ్మంలోకి ఎవరూ రాకపోవడం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. మాస్టారు జనానికి చూపించాలనుకున్నది ఇదే. ఆయనకు ఫోన్ చేద్దామని ఎన్నోసార్లు తీశాను, పెట్టేశాను.

పరామర్శకు తాడేపల్లిగూడెం వెళితే మాస్టారి భార్య నా చెయ్యి పట్టుకున్నారు.

"మీ గురించి ఎప్పుడూ చెప్పేవారండీ. ఆ రోజు లైటు తీసేద్దామని స్విచ్చి మీద చెయ్యి వేశారంట. చూస్తే మీరు నిజంగానే ఏడుస్తున్నారంట. ‘ఆవిడకి లోపల ఏదో పెద్ద బాధుంది, ఇంకెప్పుడూ చీకట్లో నిలబెట్టకూడదు’ అనుకున్నారంటండీ."

ఆ ఏడుపు అద్దం ముందు వారం రోజులు నేర్చుకున్నదని ఆవిడకు చెప్పలేకపోయాను. తలూపి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

తిరుగు బస్సు భీమడోలు దాటేసరికి కిటికీలోంచి ఎండ సరిగ్గా నా మొహం మీద పడింది. అప్పటికి నాకు ఏడుపు ఆగడం లేదు. ఎదురుగా ఉన్నవాళ్ళు చూస్తున్నారు. లేచి, అవతలి వరసలో నీడగా ఉన్న సీటులోకి మారాను. నేను వదిలిన సీటులో ఎండ ఒక్కటే ఏలూరు దాకా వచ్చింది.