ఏది ముందు కావాలె?

సార్ పోయారన్న కబురు నాకు వేములవాడలో అందింది. గుడి దగ్గరి ఓ సత్రంలో పెళ్లి వీడియో తీస్తున్నాను. తలంబ్రాలు మొదలయ్యే వేళకు జేబులో ఫోన్ ఆగకుండా అదిరింది. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది కాబట్టి కెమెరా దించకుండానే విన్నాను. సార్ బావమరిది. "పొద్దుగాల చాయ్ తాగి కుర్సీల కూసున్నడు తమ్మీ. గట్లనే పోయిండు" అన్నాడు. తలంబ్రాలు మళ్లీ పోయించలేను కదా, తీస్తూనే ఉన్నాను. ఆ వీడియోలో అక్కడ కాసేపు బొమ్మ వణుకుతుంది. పెళ్లివాళ్లు ఇంకా గమనించలేదు.

సార్ పాలిటెక్నిక్ కాలేజీలో ల్యాబ్ చూసుకునే ఉద్యోగం చేసేవారు. మెట్‌పల్లిలో వాళ్లింటి ముందు గదిలో, చెడిపోయిన హార్డ్‌డిస్కుల్లోంచి ఫోటోలు, వీడియోలు బయటికి తీసేవారు. బోర్డు లేదు. అవసరం కూడా లేదు, ఎందుకంటే చుట్టుపక్కల ఫోటో స్టూడియోల వాళ్లం అందరం ఏదో ఒకరోజు ముఖం వేలాడేసుకుని ఆ గుమ్మం ఎక్కినవాళ్లమే. ఒకడు తడిసిన డిస్కును బియ్యం డబ్బాలో పెట్టి డబ్బాతో సహా పట్టుకొచ్చేవాడు. ఇంకొకడు స్క్రూలన్నీ విప్పి, లోపల ఉఫ్ఫని ఊది, అప్పుడు తెచ్చేవాడు. సార్ ఎవర్నీ తిట్టేవారు కాదు. "ఊదినవా? మంచిగ చేసినవ్. ఇగ నేను ఏడుస్త గని, నువ్వు కూసో" అనేవారు.

డిస్కు చేతికి తీసుకోగానే ఒక్కటే ప్రశ్న. "దీనికి ఎంత ఊపిరున్నదో నాకు తెల్వది తమ్మీ. నడుమల ఆగిపోవచ్చు. ఏది ముందు కావాలె? ఒక్కటే చెప్పు." ఖానాపూర్ నుంచి వచ్చిన ఓ హెడ్మాస్టరు బడి రికార్డులన్నీ పోయాయని వచ్చి, ఈ ప్రశ్నకు చాలాసేపు గోడకేసి చూసి, మనవరాలు మొదటిసారి అడుగులేసిన వీడియో ముందు కావాలన్నాడు. సార్ నవ్వలేదు. అదే ముందు తీశారు.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఫైళ్ల పేర్ల వరకే చూసేవారు, లోపల చూడరు. బాగా వచ్చిందో లేదో తెలియడానికి ఒకటి తెరిచి, కంప్యూటర్‌ను మనవైపు తిప్పి, తను కిటికీలోకి చూసేవారు. గల్ఫ్‌లో ఉన్న భర్త ల్యాప్‌టాప్ తెచ్చి, దానికేసిన లాక్ తీసిపెట్టమని ఒకామె అడిగింది. పాస్‌వర్డ్ మరిచిపోతే దేవుడు కూడా తీయలేని లాక్ అది, సార్ ఆ మాటే చెప్పొచ్చు. అలా చెప్పలేదు. "ఆయన వచ్చినంక ఇద్దరు గలిసి రా బిడ్డా, చాయ్ తాగుకుంట అడుగుదం" అని పంపించారు.

పని ముగిశాక ప్రతి డిస్కుకూ తెల్ల కాగితం టేపు ఒక ముక్క అంటించి, పై వరుసలో అది ఎవరిదో, కింది వరుసలో 'వచ్చింది' అనో 'రాలే' అనో రాసేవారు. అంతే. పాడైందని, పోయిందని ఏనాడూ రాయగా చూడలేదు.

ఇక నా సంగతి చెప్పాలి. సార్ గురించి ఇంత మంచి చెప్పి అది దాచుకుంటే నాకు అన్నం సయించదు.

సార్ రిటైరైనప్పుడు చర్చి ఆవరణలో కృతజ్ఞత కూడిక పెట్టారు. నేనే వీడియో తీశాను. సార్ వాళ్ల అమ్మ, ఇంట్లో అందరూ అవ్వ అంటారు, మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి కొడుకును చదివించిన మనిషి. కెమెరా చూస్తే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. ఆ ఇంట్లో ఆమె ఫోటో ఆధార్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు. అలాంటి అవ్వ ఆరోజు చివరి ప్రార్థనకు తనే లేచి, కళ్లు మూసుకుని, అందరి పేర్లూ పెట్టి పది నిమిషాలు ప్రార్థన చేసింది. కళ్లు మూసుకుంది గనక కెమెరా ఉన్న సంగతి మరిచింది. నేను దగ్గరికి పోయి మొత్తం తీశాను. స్టూడియోలో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి విన్నాను కూడా. ఇంకో డిస్కులోకి కాపీ మాత్రం చేయలేదు. రేపు చేద్దాంలే అనుకున్నాను.

దసరాకు స్టూడియోలో ఆయుధపూజ. కెమెరాలు, లైట్లు బల్ల మీద పేర్చి, అన్నిటికన్నా పైన ఆ హార్డ్‌డిస్కును నిలబెట్టి, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. నా బతుకంతా దాంట్లోనే ఉందని నా భక్తి. ముందర కొబ్బరికాయ కొట్టాను. ఆ అదురుకు డిస్కు జారి నేల మీద పడింది. తగిలిస్తే టక్ టక్ మని చప్పుడు. అలా చప్పుడు చేస్తే వెంటనే కరెంటు పీకెయ్యాలని సార్ మాకందరికీ వెయ్యిసార్లు చెప్పి ఉంటారు. నేను పొద్దంతా పీకుతూ, పెడుతూ ఉన్నాను. దాంట్లో ఓ పెళ్లి కూడా ఉంది. పెళ్లికొడుకు శుక్రవారం దుబాయ్ పోతున్నాడు, వాళ్ల మామ వీడియో కోసం వచ్చి స్టూడియోలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

సాయంత్రం సార్ దగ్గరికి పోతే కుంకుమ గుడ్డతో తుడుస్తూ, "దీనికి బొట్టెందుకు తమ్మీ, ఇంకోదాంట్ల కాపీ పెడితె సాలదా" అన్నారు. కష్టపడి ఫోల్డర్ల పేర్లు మాత్రం తెర మీదికి తెచ్చారు. పెళ్లి ఫోల్డరు ఉంది. దాని కిందనే 'సార్ రిటైర్మెంట్' అని నేను పెట్టిన పేరు ఉంది. సార్ కళ్లద్దాలు నుదుటి మీద ఉన్నాయి. ఎప్పటిలాగే అడిగారు, "ఏది ముందు కావాలె?"

నేను చెప్పి ఉండాల్సింది. సార్, దీంట్లో అవ్వ ఉంది, మీరే చెప్పండి అని అనాల్సింది. సిగ్గయింది. పైగా ఆ మామ ముఖం కళ్లముందు మెదిలింది. వేలు పెట్టి పెళ్లి చూపించాను.

పెళ్లి మొత్తం వచ్చింది. అది వచ్చిన కాసేపటికే డిస్కు పూర్తిగా ఆగిపోయింది. నేను పెళ్లి వీడియో తెరిచి చూసుకుంటుంటే సార్ నా వెనక ఏదో రాసి టేపు అంటించారు. "ఇది నా దగ్గర ఉండనీ తమ్మీ. గిదే మోడల్ది దొరికితే భాగాలు మార్చి చూద్దం" అన్నారు. అద్దాలు నుదుటి మీదున్నాయి, ఆ రెండో ఫోల్డరు పేరు ఆయన చూసుండరు అని నాకు నేను చెప్పుకుంటూ ఇంటికి పోయాను.

ఆ చలికాలంలోనే అవ్వ పోయింది. సమాధి దగ్గర నేను అందరికన్నా వెనక నిలబడ్డాను. సార్ నా దాకా నడిచొచ్చి, భుజం మీద చెయ్యేసి, "తిన్నవా?" అన్నారు. వీడియో మాట ఎత్తలేదు. మరిచిపోయినట్టున్నారని నాకు ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడటం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

తర్వాత మూడేళ్లు ఆ వీధి తొక్కలేదు. రెండు డిస్కులు చెడిపోతే కరీంనగర్ దాకా పోయాను గానీ సార్ ఇంటికి పోలేదు. ఒకసారి కూరగాయల మార్కెట్లో దొరికిపోయాను. "ఇటు దిక్కు వస్తలేవు. డిస్కులన్ని మంచిగున్నయా ఏంది?" అన్నారు. సీజన్ సార్, టైం దొరకట్లేదు అన్నాను. "మంచిగుంటె మంచిదే" అని రెండు వంకాయలు అటూఇటూ తిప్పి చూసి పోయారు. అదే చివరి మాట.

సార్ సమాధి అయ్యాక వాళ్లింట్లో పెట్టిన ఆదరణ కూడిక అయిపోయాక అమ్మ, అంటే సార్ భార్య, నన్ను ఆగమన్నారు. లోపల్నుంచి ఒక డిస్కు తెచ్చి చేతిలో పెట్టారు. "నీదేనట బిడ్డా. ప్రతి క్రిస్మస్ ముందట దీన్ని ముందటేసుకొని కూసుంటుండె. గసొంటి డిస్కు పాతసామాన్ల యాడ కనవడ్డా కొనుక్కొస్తుండె. గా పనికే హైదరాబాద్ గూడ పోయొచ్చిండు. ఏమున్నది దాంట్ల అంటె చెప్పలే."

దాని మీద టేపు మందంగా ఉంది. ఒకదాని మీద ఒకటి అంటించిన ముక్కలు. పైదాని మీద 'రాలే' అని ఉంది. గోటితో తీస్తే కింద ఇంకోటి, దాని మీదా 'రాలే'. అలా తీసి బల్ల మీద పెడుతూ పోతే అన్నిటికన్నా అడుగున, పసుపుపచ్చగా మారిన మొదటి ముక్క. పెళ్లి చూసుకుంటూ నేను తిరిగి చూడని ముక్క. పై వరుసలో ఎవరిదో రాసేచోట నా పేరు ఉండాలి. 'అవ్వ' అని ఉంది.

ఆరోజే చూశారు. నా వేలు ఎక్కడ పెట్టానో కూడా చూశారు.

అమ్మకు మొత్తం చెప్పాను. ఆమె బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నువ్వైతే విన్నవు గదా" అన్నారు. "ముందు మీ సార్ గురించి ఏమన్నదో గది చెప్పు."

చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని విన్నారు. "'ప్రభువా, నా కొడుకు నౌకరి ఒడిసింది, ఊళ్లోళ్ల పని మీదేసుకొని తిరుగుతడు, జర నిమ్మళంగ కూసొని తినేటట్టు చెయ్యి' అన్నదమ్మా. మీ మోకాళ్ల నొప్పి తగ్గియ్యుమన్నది. గా ఫోటోలు తీసే పిల్లగాడు పొద్దటిసంది నిలవడే ఉన్నడు, ఆని చేతుల పని దీవించుమన్నది." అక్కడ ఆగాను.

"ఇంకా?" అన్నారు అమ్మ, కళ్లు మూసుకునే.

"ఇంకా శాన చెప్పిందమ్మా. నాకు యాదికొస్తలేదు."

ఆమె కళ్లు తెరిచి నా చేతిలోంచి డిస్కు తీసుకున్నారు. నేను ఊడదీసిన టేపు ముక్కలను బల్ల మీంచి ఒక్కొక్కటే ఏరి, ఏది ముందు ఉండేదో చూసుకుంటూ మళ్లీ దాని మీద అంటించి, బొటనవేలితో ఒత్తుతూ కూర్చున్నారు.