పెట్టెకు పట్టని మాటలు

పామర్రులో ఆదిశేషయ్యగారి బట్టల కొట్టుకు వెళ్లినవాళ్లు చీరతో పాటు దాని కథ కూడా విని వచ్చేవారు. ఎవరు నేశారో, ఆ అంచు ఎవరి ఊహో చెప్పందే ఆయన చీర మడతపెట్టేవారు కాదు. గొంతులో కేన్సరు వచ్చి స్వరపేటిక తీసేశాక ఆ మాట ఆగిపోయింది. కొట్టు మూసి, విజయవాడలో కొడుకు దగ్గరికి వచ్చేశారు.

కోడలు రాజేశ్వరిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మామగారి కోసం ట్యాబ్‌లో ఒక చిన్న యాప్ తయారుచేసింది. ఆయన టైపు చేసింది పెద్ద అక్షరాలతో ఒక పెట్టెలో కనపడుతుంది, ఎదుటివాళ్లు చదువుకుంటారు. కానీ ఆయన రెండు మూడు మాటలకు మించి రాసేవారు కాదు. "అన్నం చాలు." "నిద్రొస్తోంది." మనిషి లోపల్లోపలే ముడుచుకుపోయారనుకుంది రాజేశ్వరి.

ఆయన కొట్టుకు ఏళ్ల తరబడి చీరలు నేసిచ్చిన దుర్గాశంకర్ చనిపోయాడని కబురొస్తే ఆమే ఆయన్ని చల్లపల్లిలో వాళ్లింటికి తీసుకెళ్లింది. ఆదిశేషయ్యగారు అరుగు మీద కూర్చుని చాలాసేపు టైపు చేసి, ట్యాబ్‌ను దుర్గాశంకర్ భార్య కనకలక్ష్మి చేతిలో పెట్టారు. ఆమె నాలుగు వరుసలు చదివి, అంతే అనుకుని తిరిగిచ్చేసింది. నాలుగో వరుస మాట మధ్యలో తెగిపోయి ఉండటం రాజేశ్వరి చూసింది. ఆయన అంతా చెరిపేసి, "బాధగా ఉంది" అని మాత్రం రాశారు.

తిరుగుదారిలో ఆమె కారు పక్కకు ఆపింది.

"మామయ్యగారూ, అక్కడ ఇంకా ఏదో రాశారు కదండీ?"

"నాలుగు వరుసలు దాటితే కనపడదమ్మా. అందుకే కుదించుకుంటున్నా" అని టైపు చేశారాయన.

"నాతో అనొచ్చు కదండీ."

"అది అంతేననుకున్నా."

ఆ పెట్టె ఎత్తును నాలుగు వరుసలకే బిగించింది తనే. తొందరలో పొట్టి మాటలు రాసి చూసి, బాగానే ఉందనుకుంది. ఇన్ని నెలలూ ఆయన దాన్నిబట్టి తన మాటల్ని కత్తిరించుకుంటూ వచ్చారు.

మర్నాడు సెలవు పెట్టి కూర్చుంది. లోపలి రాత పెరిగిన కొద్దీ పెట్టె దానంతటదే కొలుచుకుని పెరిగేలా మార్చింది. మొదట అది పెరిగి పెరిగి కీబోర్డును తెర బయటికి నెట్టేసింది. ఆదిశేషయ్యగారు వేలితో చూపించారు. అప్పుడు దానికొక హద్దు పెట్టి, ఆ పైన ఉన్నదంతా వేలితో జరుపుకుని చదువుకునేలా చేసింది.

పెద్దకర్మ నాడు మళ్లీ వెళ్లారు. కనకలక్ష్మి ట్యాబ్ అందుకుని, "నా కళ్లు నిలవట్లేదు, నువ్వే చదువమ్మా" అంది. రాజేశ్వరి పైకి చదివింది.

"శంకరం నేసిన చిలకపచ్చ చీర ఎంతకీ అమ్ముడుపోలేదు. నొచ్చుకుంటాడని, అమ్ముడైపోయిందని అబద్ధం చెప్పాను. మా ఇంటావిడకి ఇచ్చాను. తనకి అదంటే ప్రాణం. పోయినప్పుడు అదే కట్టి సాగనంపాను. ఈ సంగతి శంకరానికి ఎన్నడూ చెప్పలేకపోయాను..."

పెట్టెలో కనపడేది అక్కడికి అయిపోవడంతో రాజేశ్వరి ఆగింది. ఆయన చెయ్యి చాపి, తెరను మెల్లగా పైకి జరిపారు. ఇంకా ఉంది. ఆమె చివరిదాకా చదివింది.

కనకలక్ష్మి అంది: "ఆ నూలుకి రంగు వేసింది నేనేనండీ."

ఆదిశేషయ్యగారు ట్యాబ్ తీసుకుని మళ్లీ రాయడం మొదలుపెట్టారు. కనకలక్ష్మి ఆయన పక్కనే కూర్చుని ఎదురుచూసింది.