నా డకౌట్లతో తయారైన గ్రౌండు

తార్నాక వైపు యూనివర్సిటీ క్యాంపస్‌లో, స్టాఫ్ క్వార్టర్స్ వెనక ఒక క్రికెట్ గ్రౌండు ఉంది. దాన్ని ఎవరు తయారుచేశారని అడిగితే నేనేనని చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. నవ్విన నాపచేనే పండిందని పెద్దలు ఊరికే అనలేదు.

తొంభైల్లో నేను సీమ నుంచి వచ్చి అక్కడ ఎమ్మెస్సీలో చేరాను. అప్పుడది తుప్పలూ రాళ్లూ తప్ప ఏమీ లేని చోటు. బంతి కోసం డైవ్ చేస్తే మోకాళ్లు చీరుకుపోయేవి. అందుకని మల్కాజ్‌గిరి నుంచి సైకిల్ మీద వచ్చే మా కెప్టెన్ ఒక రూలు పెట్టాడు. డకౌట్ అయినవాడు తట్టెడు రాళ్లు ఏరి అవతల పారబొయ్యాలి. మేస్త్రీలు వదిలేసిన ఇనప తట్ట బౌండరీ దగ్గరే ఉండేది. నేను బ్యాటింగుకి బయల్దేరగానే మావాళ్లు దాన్ని దులిపి సిద్ధంగా పెట్టేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. అయినా రూలు రూలే కదా, ఏరేవాణ్ని.

రెండో ఏడు చివర్లో ఒక పాత హాస్టల్ పడగొట్టారు. ఆ ఇటుకలూ పెళ్లలూ మా గ్రౌండులో పోయించాలనుకున్నారు. సంతకం పెట్టేముందు చూద్దామని పెద్దాఫీసరు ఒకాయన వచ్చాడు. ఆ సంతకం పడితే మా ఆట అంతటితో సరి.

"ఫైల్ల గీడంతా రాళ్లే అని రాసి ఉన్నది," అన్నాడాయన.

నేను ఆగలేకపోయాను. "చెప్పులిప్పి నడిచి చూడండి సార్," అన్నాను. అన్నాక భయం పట్టుకుంది. ఒక్క రాయి గుచ్చుకున్నా గ్రౌండు పోయినట్టే.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, నిజంగానే చెప్పులు విప్పాడు. ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ అడ్డంగా నడిచాడు. మేమంతా ఆయన పాదాలే చూస్తూ నిలబడ్డాం. తిరిగొచ్చి అరికాళ్లు దులుపుకున్నాడు.

"ఎవరు ఏరిన్రు ఇన్ని రాళ్లు?"

అందరూ నన్నే చూపించారు. "వీడు రన్స్ కొట్టి ఉంటే మాకు గ్రౌండే లేకుండె సార్," అన్నాడు కెప్టెన్.

"సరే, ఆడుకోండ్రి. గవి వేరే కాడ పోయిస్త," అని ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. నా జన్మలో అంతగా నేనెప్పుడూ గర్వపడలేదు.

మర్నాటి ఆటలో మళ్లీ డకౌటయ్యాను. తట్ట నేనే అడిగి తీసుకున్నాను. పొద్దు గూకేదాకా వెతికినా అది నిండలేదు.